తాబేలు చప్పుడు

బుల్లికి యాభై నాలుగేళ్ళు. ఆ వయసులో కూడా ఆమెను బుల్లి అని పిలిచే మనిషి లోకంలో ఒక్కతే మిగిలింది. ఆ ఒక్క మనిషికీ ఎనిమిది నెలలుగా మాట లేదు.

ఆ మనిషి అక్క. కాన్పుల నర్సు. ముప్ఫై ఏళ్ళపాటు ఒకే కారులో ఇంటింటికీ తిరిగి పురుళ్ళు పోసింది. గుండ్రటి వీపు, వెనకవైపు ఇంజను, నీళ్ళతో పని లేకుండా ఒట్టి గాలితోనే చల్లబడే పాతకాలపు బండి. దానికి తాబేలు అని పేరు పెట్టింది కూడా అక్కే. ఇలాంటి బండి ఉన్నవాళ్ళు ఈ రోజుల్లో దాన్ని షెడ్డులో పెట్టి, గుడ్డ కప్పి, ఆదివారం పూట బయటికి తీసి తుడుచుకుని, నలుగురికీ చూపించి మళ్ళీ గుడ్డ కప్పేస్తారు. బుల్లికి అంత యోగమెక్కడిది? వాన పడినా, మంచు కురిసినా పొద్దున ఆరున్నరకి కళ్ళద్దాల కార్ఖానాకి అందులోనే వెళ్ళాలి. సాయంత్రం అక్కడినుంచి కొండమీది ఆసుపత్రికి, ఆ తర్వాత ఇంటికి. వేరే బండి కొనే తాహతు లేదు, కొండమీదికి ఐదు దాటితే బస్సు లేదు.

రోజూ నడిపేవాళ్ళకి కదా దాని వేషాలు తెలిసేది. చలికాలం వేడి రమ్మంటే రాదు, వేసవిలో పొమ్మంటే పోదు. వాన పడితే ఎడమ కాలి దగ్గర చుక్కలు చుక్కలుగా కారుతుంది, అక్కడొక పాత తువ్వాలు పరిచి ఉంచుకోవాలి. బుల్లి కోటుకి ఎన్నిసార్లు ఉతికినా ఆయిలు వాసనే. వీటన్నిటికీ మించి, ఇంజనులోంచి ఒక చప్పుడు. టక్ టక్ టక్ టక్ మని, ఎవరో లోపల కూర్చుని గోటితో రేకు మీద కొడుతున్నట్టు. కార్ఖానా గేటు దగ్గర కాపలాదారు, "అదుగో, టైపు మిషన్ వచ్చింది," అనేవాడు. అక్క నడిపే రోజుల్లోనే బుల్లి విసుక్కునేది, ఆ చప్పుడు మాన్పించకూడదా అని. అక్క నవ్వేది.

"అరవనీవే. అరిచే పిల్ల బతికే పిల్ల."

పురుళ్ళు పోసే మనిషి వేళాకోళం అనుకుని బుల్లి దాన్ని చెవిన వేసుకోలేదు.

అక్కకి పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది, మాట పోయింది. కొండమీది ఆసుపత్రిలో కింది అంతస్తు వార్డు బాగుపడేవాళ్ళది. అక్కడ మాటలు నేర్పే అమ్మాయి ఒకతె రోజూ వచ్చి, "చెయ్యి నొక్కండమ్మా, అవునంటే కమ్మీ మీద ఒక్కసారి కొట్టండమ్మా," అని అక్కని బతిమాలేది. అక్క ఆ పిల్లని గోడని చూసినట్టు చూసేది. పుస్తకంలో రాసుకునేది ఆ అమ్మాయి: స్పందన లేదు. అక్క జన్మలో ఒకరు చెయ్యమన్న పని చేసిన మనిషి కాదని బుల్లి ఆ అమ్మాయితో చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. చదువుకున్నవాళ్ళకి మనమేం చెబుతాంలే అని ఊరుకుంది.

ఒక్కటి మాత్రం ఉంది. కొండ మలుపు తిరిగి తాబేలు రెండో గేరులో ఎక్కుతుంటే ఆ చప్పుడు బుల్లికంటే ముందు వార్డులోకి వెళ్ళేది. అది వినపడగానే అక్క ఎడమ చేతి వేలు మంచం కమ్మీ మీద మొదలయ్యేది. టక్ టక్ టక్, బండితో సమానంగా. అప్పుడు గానీ అన్నం ముట్టేది కాదు. ఈ సంగతి వార్డు నర్సమ్మే బుల్లికి చెప్పింది.

బుల్లి ఆశగా డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "అది అలవాటమ్మా. తెలివి కాదు. పెంపుడు కుక్క కూడా ఇంటి బండిని గుర్తుపడుతుంది," అన్నాడు. ఎంత నెమ్మదిగా అన్నాడో! ఆ నెమ్మదికే బుల్లికి ఒళ్ళు మండింది. మండినా ఏం చేస్తుంది, లోపల అక్క ఉందో లేదో తనకీ తెలియదు. రాత్రీ పగలూ ఆమెను తొలిచేది ఆ ఒక్క ప్రశ్నే. ఉందని తేలితే అక్క కింది అంతస్తులో ఉంటుంది. లేదని తేలితే మూడో అంతస్తుకి, వెనక గదుల్లోకి పంపిస్తారు. అక్కడికి మాటలు నేర్పేవాళ్ళెవరూ రారు. ఎనిమిదో నెల ఆఖరుకల్లా బుల్లి ఏదో ఒకటి తేల్చి కాగితం మీద సంతకం పెట్టాలి.

ఈ గొడవలో మేస్త్రీ ఫోన్లు. అక్క నడిపే రోజులనుంచీ తాబేలుకి రిపేర్లు చూసేది ఆయనే.

"టాపెట్ల సెట్టింగు, అదే వాల్వుల సందు సరిచేసే టైము, దాటిపోయిందమ్మా. సాయంత్రం బండి నా దగ్గర వదిలేసి వెళ్ళండి. రాత్రంతా ఆగి ఇంజను చల్లబడితేగానీ ఆ పని చెయ్యకూడదు. పొద్దున్న ఇచ్చేస్తాను."

సాయంత్రం వదిలేస్తే కొండమీదికి ఎలా? బండి చప్పుడు వినకపోతే అక్క ఆ పూట పస్తే. వచ్చే వారం మేస్త్రీగారూ, అంది బుల్లి. ఆ మాట మూడు వారాలు చెప్పింది.

ఆ మంగళవారం పొద్దున బండి తీస్తే చప్పుడు లేదు. పెద్ద చప్పుడుగా ఉండే ఆ టక్ టక్ ఎక్కడికి పోయిందో పోయింది, ఇంజను మెత్తగా గుర్రుమంటోంది. కాపలాదారు కూడా, "కొత్తది కొన్నారా ఏంటి?" అన్నాడు. బుల్లి ప్రాణం హాయిగా ఉంది. హమ్మయ్య, దానంతటదే సర్దుకుంది, మేస్త్రీ దగ్గర వదిలే పని తప్పింది అనుకుంది. పగలంతా అద్దాలు అరగదీస్తూ కూనిరాగం కూడా తీసింది. అద్దం మీద వెంట్రుకంత గీత ఉన్నా పట్టేసే కళ్ళు ఆమెవి. కళ్ళతోనే బతికిన మనిషి.

సాయంత్రం వార్డులోకి వెళ్ళేసరికి నర్సమ్మ ఎదురొచ్చింది.

"ఇవాళ వేలు కదపలేదండీ. బండి ఎక్కుతుంటే తల మాత్రం ఎత్తింది."

అక్క కళ్ళు విప్పార్చుకుని గుమ్మం వైపే చూస్తోంది. బుల్లి కూర్చుందో లేదో మణికట్టు పట్టేసుకుంది. ఎడమ చేతి గోటితో బుల్లి చేతి మీద టక్ టక్ టక్ మని కొట్టింది. ఆపింది. పిడికిలి బిగించి, ఆ పిడికిలిని బుల్లి మొహం ముందు ఆడించింది. మళ్ళీ టక్ టక్ టక్. మళ్ళీ పిడికిలి.

"ఏంటక్కా? దాహమా?"

నీళ్ళు పట్టింది. అక్క మొహం తిప్పేసుకుంది, నీళ్ళు మెడలోకి కారాయి. దిండు సర్దింది. దుప్పటి తీసింది, కప్పింది. ప్రతిదానికీ అదే, టక్ టక్ టక్, పిడికిలి. గట్టిగా, ఇంకా గట్టిగా. బుల్లి చేతి మీద గోటి గాట్లు ఎర్రగా లేచాయి.

"నరాల కుదుపులండీ, ఇలాంటివాళ్ళకి వస్తుంటాయి," అంది నర్సమ్మ.

అప్పుడే డాక్టరు కాగితంతో వచ్చాడు. పన్నెండు గంటలు నిలబడిన కాళ్ళు, గాట్లు పడ్డ చెయ్యి, తడిసిన దుప్పటి. బుల్లి ఓపిక తెగిపోయింది. అక్క మంచం పక్కనే నిలబడి, గొంతైనా తగ్గించకుండా అనేసింది.

"ఏమీ తెలియకుండా ఇలా పడి ఉండేకన్నా నిద్రలోనే పోతే నయం డాక్టరుగారూ. తనకీ నయం, నాకూ నయం."

సంతకం పెట్టింది. వెనక్కి తిరిగి చూస్తే అక్క పిడికిలి ఒళ్ళో పడి ఉంది. కొట్టడం మానేసింది. కుదుపులు తగ్గాయి పాపం, అనుకుంది బుల్లి.

మర్నాడు సాయంత్రం కొండ మలుపు తిరిగి సగం దూరం ఎక్కాక, తాబేలు వెనకనుంచి సుత్తితో కొట్టినట్టు ఒక్క దెబ్బ వినపడింది. తర్వాత గరగరమని ఏదో నలిగిన చప్పుడు. బండి ఆగిపోయింది. బుల్లి మిగిలిన కొండ నడిచి ఎక్కేసరికి చూడనిచ్చే వేళ అయిపోయింది, గేటు వేసేశారు. అక్కని మధ్యాహ్నమే పైకి మార్చారని గేటు దగ్గర చెప్పారు.

శుక్రవారం మేస్త్రీ కబురు పెట్టాడు. ఇంజను విప్పి బల్ల మీద పరిచి ఉంది. ఒక పిస్టను తీసి బుల్లి ముందు పెట్టాడు. దాని నెత్తిన రూపాయి బిళ్ళంత ఇనుప ముక్క దిగబడి ఉంది.

"మూడో సిలిండరు వాల్వు. తల తెగి పడింది. ఇక ఈ ఇంజను ఇనప సామాన్ల కొట్టుకేనమ్మా. తెగడానికి ఒకటి రెండు రోజుల ముందే చప్పుడు ఆగిపోయి ఉండాలే?"

"ఆగింది. బాగుపడిందనుకున్నాను."

"దానంతటది బాగుపడ్డ బండిని నేనింతవరకు చూడలేదు." మేస్త్రీ నూనె చేతులు తుడుచుకున్నాడు. "ఆ వాల్వుకి సందు కాస్త వదులుగా నేనే పెట్టాను, అందుకే ఆ చప్పుడు. వేడికి వాల్వు సాగితే సందు పూడుకుపోతుంది. చప్పుడు ఆగిందంటే తెగడానికి సిద్ధమైందని లెక్క. అప్పుడిక ఒక్క గజం కూడా నడపకూడదు. మీ అక్కగారికి ఇది బాగా తెలుసే. ఒకసారి చప్పుడు ఆగిందని బండి దారిలోనే వదిలేసి, రెండు మైళ్ళు నడిచి నా దగ్గరికొచ్చింది. రొప్పుతూ ఉంది, నోట మాట రావడంలేదు. ఏమైందమ్మా అంటే..."

మేస్త్రీ బల్ల మీద గోటితో కొట్టి చూపించాడు. టక్ టక్ టక్. ఆపాడు. పిడికిలి బిగించాడు.

బుల్లి బల్ల అంచు పట్టుకుంది. మంగళవారం సాయంత్రం అక్క చెప్పింది. చెయ్యి పట్టుకుని, గాట్లు పడేలా, తనకి చేతనైన ఒకే ఒక్క పద్ధతిలో చెప్పింది. బండి ఎక్కకు, చచ్చిపోతావు అని చెప్పిందేమో. తను నీళ్ళు పట్టింది. దిండు సర్దింది. లోపల అక్క ఉంది, ఎనిమిది నెలలూ ఉంది. ఆ సంతోషం నిండా ఒక్క క్షణం కూడా నిలవలేదు. ఉందంటే, అన్నీ విన్నట్టే కదా. తను ఆ మంచం పక్కన నిలబడి ఎవరెవరితో ఏమేమి అన్నదో అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఏమీ తెలియదులెండి అన్న మాట. అన్నిటికన్నా చివర డాక్టరుతో అన్న మాట.

ఆ సాయంత్రం సగం పూట సెలవు పెట్టి ఐదింటి బస్సులో కొండెక్కింది. కింది అంతస్తులో డాక్టరు లేడు, సోమవారం గానీ రాడట. అక్క మంచంలో ఇంకెవరో ముసలాయన పడుకుని ఉన్నాడు. "ఖాళీ అయితే చెబుతాంలెండి, ముందు పదకొండు మంది ఉన్నారు," అంది నర్సమ్మ.

మూడో అంతస్తులో అక్క గదికి ఉన్న ఒక్క కిటికీ వెనక గోడ వైపు ఉంది. రోడ్డు చప్పుడు అక్కడికి రాదు. పళ్ళెంలో అన్నం పొద్దుటిది అలాగే ఉంది. బుల్లి మంచం అంచున కూర్చుంది.

"నువ్వు చెప్పింది నిజమే అక్కా. బండి పోయింది. నాకేం కాలేదు."

అక్క ఆమెను చూసింది. తల నుంచి కాళ్ళ దాకా, పుట్టిన పిల్లకి దెబ్బలేమైనా ఉన్నాయేమోనని చూసినట్టు చూసింది. చూడటం అయ్యాక కళ్ళు గోడ వైపు తిప్పుకుంది.

బుల్లికి అడగాలని లేదు. అడక్కుండా లేచి వెళ్ళలేకపోయింది.

"ఆవేళ డాక్టరుతో నేనన్న మాట... అది కూడా విన్నావా?"

అక్క ఎడమ చెయ్యి దుప్పటి మీదనుంచి మెల్లగా కదిలి కమ్మీ దాకా వెళ్ళింది. గోటితో ఇనుము మీద కొట్టింది, ఒక్కసారి.