వచ్చేది లేని మాట

"వాటర్," అంది మగ్దలీనమ్మ, కొమ్మున్న కప్పును దొరసాని పెదవులకు ఆనించి. వెంటనే నాలుక కరుచుకుని, "ది వాటర్," అని దిద్దుకుంది.

రెండు గుక్కలు లోపలికి పోయాయి. మూడోది కుడివైపు పెదవి మూలనుంచి జారి గడ్డం కిందికి వచ్చింది. పక్షవాతం వచ్చినప్పటినుంచీ ఆ మూల దొరసాని చెప్పినట్టు వినడం మానేసింది. మగ్దలీనమ్మ పైటచెంగు మడిచి తుడిచింది. చేపల గంపలు, బానలు మోసి, బంగళా బావి చేంతాడు లాగి గట్టిపడిన వేళ్ళవి. ఆ ముడతల మెడ మీద మాత్రం దూదిలా తిరిగాయి.

బోగోలుకు తూర్పున, సరుగుడు తోపు దాటాక సముద్రపు ఒడ్డునే ఉంటుంది ఆ మిషన్ బంగళా. రూతు దొరసాని పడుచు వయసులో అక్కడికి వచ్చింది. చుట్టుపక్కల పల్లెల్లో ఆమె చేతులు అందుకోకుండా పుట్టిన బిడ్డలు తక్కువ. పురిటింట్లో అత్తల్ని కసురుకునేంత తెలుగు, చేపలమ్మే చెంచమ్మంతటి దాన్ని బేరంలో ఓడించేంత తెలుగు ఆమెది. ఆ తెలుగంతా ఒక తెల్లవారుజామున పోయింది. తల మీద పోసుకున్న నీళ్ళు జారిపోయి ఒంట్లో నెత్తురు మిగిలినట్టు, తల్లి ఒళ్ళో నేర్చుకున్న ఇంగ్లీషు ఒక్కటే మిగిలింది. అదీ ముక్కలు ముక్కలుగా.

అందుకని మగ్దలీనమ్మ, జుట్టు నెరిసిన వయసులో, ఇంగ్లీషు మొదలుపెట్టింది.

సూది వేయడానికి సైకిలు మీద వచ్చే నర్సు పుష్పకుమారి ఆమెకు పంతులమ్మ. ఆ పొద్దున సూది నీళ్ళలో మరుగుతుండగా పాఠం సాగింది.

"ప్రతిదానికీ 'ది' తగిలిస్తున్నావే, ఎందుకత్తా?"

"మర్యాద గదమ్మా. మనం 'గారు' వెనక పెడతాం. వాళ్ళు ముందర పెడతారు. ది సన్, ది మూన్, ది లార్డ్."

పుష్పకుమారి పకపకా నవ్వింది. "ది డాగ్ అని కూడా అంటారు. కుక్కగారా?"

"దేవుడు చేసిన కుక్కే గదా. అంటే ఏం పోయింది?"

"సరేలే. సముద్రాన్ని ఏమంటారో చెప్పు."

"తెలీదు."

"సీ."

"చూడమనే దానికి సీ అని నిన్న చెప్తివి గదమ్మా!"

"రెండూ ఒకటే పలుకుతాయి. రాసేటప్పుడు వేరు."

మగ్దలీనమ్మ చేతిలోని గుడ్డ అట్లానే ఆగిపోయింది. రాత ఆమెకు రాదు. చెవికి అందినదే ఆమెకు భాష. చూడటమూ సముద్రమూ ఒకటే మాట! ఆ మాట పుట్టించినవాడు ఎవడో తెల్లవారి కళ్ళు తెరిచి మొదట ఈ నీళ్ళనే చూసి ఉంటాడు. పుట్టినప్పటినుంచీ వింటున్న హోరు ఆ క్షణాన కొత్తగా వినిపించింది.

పుష్పకుమారి వెళుతూ గొంతు తగ్గించింది. "మజ్జానం డాక్టరుగారు వస్తారు. దొరసాని ఏమడుగుతుందో ఇక్కడ ఎవురికీ తెలీడం లేదు, ఇంగ్లీషొచ్చే నర్సులుంటారు, మద్రాసుకు పంపిద్దాం అంటున్నారు. నువ్వు కాస్త గట్టిగా నిలబడాల. ఇంకోటి, సాయంత్రం ఇంటికి పొయ్యేటప్పుడు 'ఐ గో కమ్' అనబాక. తప్పు. 'ఐయామ్ గోయింగ్' అనాల."

"దాంట్లో వచ్చేది యాడుంది?"

"వచ్చేది ఉండదత్తా. పొయ్యేదే చెప్తారు."

"వచ్చేది చెప్పకుండా పోతే ఇంట్లో వాళ్ళు ఎట్ట బతుకుతారమ్మా?"

దొరసాని ఒళ్ళు తుడుస్తుంటే మగ్దలీనమ్మకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. తను అప్పుడు బావి దగ్గర నీళ్ళు తోడే పిల్ల. కొత్త దొరసాని ఒక పురిటింట్లోంచి బయటికొస్తూ, నేర్చుకున్న తెలుగు మురిపెంగా వాడి, "నేను పోతున్నాను" అనేసింది. ఇంటి ముసలమ్మ గుండెలు బాదుకుంది. పచ్చిబాలింత ఉన్న ఇంట్లో అదేం మాట! మగ్దలీనమ్మ దొరసాని గౌను పట్టి లాగి, "అట్ట అనకూడదమ్మా, పోయొస్తా అనాల" అంది. దొరసాని మెట్టు మీదే నిలబడి ఆ మాట పదిమార్లు అనుకుంది. ఆనాటినుంచీ ఏ గడప దాటినా ఆ మాట తప్పలేదు. పైగా నల్లగొడుగు ఎక్కడో ఒకచోట మరిచిపోయేది. "గొడుగు ఈడే ఉండాది, దొరసాని మళ్ళా వస్తాది లే," అని ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. మగ్దలీనమ్మకు పుట్టిన ఒక్క బిడ్డా పురిట్లోనే పోయినప్పుడు ఆ గొడుగు ఆమె గుడిసె చూరుకు చాలా రోజులు వేలాడింది. పొద్దున పోయిన దొరసాని సాయంత్రానికల్లా దానికోసమే అన్నట్టు వచ్చి పక్కన కూర్చునేది.

మధ్యాహ్నం జీవానందం డాక్టరుగారు కావలినుంచి వచ్చారు. మంచం పక్క కుర్చీ లాక్కుని, వంగి, మద్రాసు సంగతి ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగారు. దొరసాని పెదవులు చాలాసేపు కదిలాయి.

"...సీ," అంది చివరికి.

"ఏమంటున్నారు మగ్దలీనమ్మా? అర్థమైందంటున్నారా? ఇంకేదన్నా అడుగుతున్నారా?"

మగ్దలీనమ్మ ఆ పెదవుల మీదికి వంగింది. చూడాలంటున్నదా? సముద్రమంటున్నదా? 'ది' వినిపించిందా, లేదా? తప్పు చెబితే రేపు ఆ మంచం ఖాళీ. సరిగ్గా చెప్పే చదువు తనకు లేదు. వంగి మంచం కోళ్ళు పట్టుకుంది.

"ఒక చెయ్యి వెయ్యండి సార్."

డాక్టరుగారు ఆశ్చర్యపోతూనే చెయ్యి వేశారు. గోడవైపున్న మంచం గచ్చు మీద కీచుమంటూ తిరిగింది. మగ్దలీనమ్మ తూర్పు కిటికీ రెక్కలు రెండూ తోసేసింది. సరుగుడు చెట్ల సందులోంచి, ఎండకు తెల్లగా మెరుస్తూ, నీళ్ళు ఆకాశం దాకా ఉన్నాయి.

దొరసాని ముఖంలో వాలిపోయిన సగం కూడా వెలిగినట్టయింది. "సీ," అంది మళ్ళీ. ఈసారి అడగడం లేదు.

అది ఏ సీ అయితేనేం, రెండూ కిటికీలో ఉన్నాయి.

డాక్టరుగారు దొరసాని ముఖాన్నీ, కిటికీలోని నీళ్ళనూ మార్చి మార్చి చూశారు. "ఆమె మాట తెలిసిన మనిషివి నువ్వున్నావు, మద్రాసు మాట ఇంక ఎత్తనులే," అని టోపీ తీసుకున్నారు.

సముద్రం మీద ఎండ పసుపై, బూడిదై, చెట్ల నీడలు గదిలోకి వచ్చాక మగ్దలీనమ్మ దుప్పటి సర్దింది. ఇంటికి పోయి పొయ్యి రాజేసి రావాలి.

"ఐ గో కమ్, అమ్మా."

రోజూ ఆ మాటకు దొరసాని ఎడమచేతి వేళ్ళు ఎత్తేది. ఈరోజు వేళ్ళు కదలలేదు. పెదవులు కదిలాయి.

"ఐయామ్ గోయింగ్, మగ్దా."

ముక్కలు కాలేదు, తడబడలేదు. ఐ, యామ్, గోయింగ్. నిండు వాక్యం. పక్కన ఎవరూ విప్పి చెప్పకుండా మగ్దలీనమ్మకు మొత్తంగా అర్థమైన మొదటి ఇంగ్లీషు వాక్యం. చీకట్లో తడుముకుంటూ తిరిగిన ఇంట్లో ఎవరో దీపం పెట్టినట్టు, నిలువెల్లా పులకించింది. ఆ తరువాతే అందులో ఉన్నదేమిటో ఆమెను చేరింది.

మంచం పక్కన కూలబడి ఆ ఎడమచెయ్యి పట్టుకుంది. మిగతా సగం వస్తుందని చూసింది.

"కమ్," అంది మెల్లగా, అందించినట్టు. "కమ్ అనమ్మా. అట్ట అనకూడదు గదా. పోయొస్తా అనాల."

దొరసాని కళ్ళు కిటికీలోనే ఉన్నాయి. అల ఒకటి వచ్చింది, పోయింది. ఇంకొకటి వచ్చింది. చేతిలోని చెయ్యి ఏ అల దగ్గర బరువెక్కిందో మగ్దలీనమ్మకు తెలియలేదు.

మరునాడు సరుగుడు తోపు పక్కన మట్టి ఇచ్చారు. ఎన్నో పల్లెల ఆడవాళ్ళు బిడ్డల్ని చంకనేసుకుని వచ్చారు. దొరసాని పెట్టెలు, పుస్తకాలు బండికెక్కి కావలికి పోయాయి. గది కడిగి, తలుపు మూయబోతూ మగ్దలీనమ్మ ఆగింది.

తలుపు వెనక మేకుకు, మడతల్లో ఏ ఊరిదో ఇసుక అట్లాగే పెట్టుకుని, నల్లగొడుగు వేలాడుతోంది.