మిల్లు శాలువా

వెంకటనర్సు గుంటమగ్గంలో కాళ్లు దింపి, కుడిచేత్తో తాడు గుంజి నాడెను పరుగెత్తిస్తున్నాడు, పోగు బిగిసేలా ఎడమచేత్తో మగ్గం పలక కొడుతున్నాడు. కాసేపటికోసారి ఆగి, ముందే నూలుకు ముడులేసి రంగులద్దిన చిటికీ పువ్వు అంచు కలిసిందో లేదో చూసి పోగును వేలితో సర్దుతున్నాడు. ఎముకలు తేలిన ఛాతీ మీద చెమట కారుతోంది. పక్కన కండెలు చుడుతున్న భార్య శారదమ్మ రాట్నం ఆపింది.

"గోలి ఏసుకున్నవా?"

"నిన్న ఏసుకున్న గద. ఇయ్యాల దానికి సెలవు."

"దినాం మింగాల్నన్నడు డాక్టరు. పానంతోని ఆటలా?"

"మింగుత తియ్యే. గీ చీరలు దిగనీ."

పట్నంలో పెద్దాసుపత్రివాళ్లు అతని గుండెకు పైసా తీసుకోకుండా స్టెంటు వేశారు, వాళ్లకు దండం పెట్టాలి. తీరా రక్తం గడ్డకట్టకుండా వేసుకోవాల్సిన మాత్రలు ఊరి దవాఖానలో ఎప్పుడడిగినా లేవు. దుకాణంలో కొనబోతే నేసిన కూలి అక్కడే అయిపోతోంది. అందుకని రోజు విడిచి రోజు మింగుతున్నాడు. నూలు తక్కువైతే పొదుపుగా వాడే చెయ్యి, మాత్రలనూ అట్లాగే వాడింది. గుండెకేం తెలుసు ఈ పొదుపు!

మధ్యాహ్నం నేతగాళ్ల సభకు ఓ పెద్ద నాయకుడొచ్చాడు. వెంకటనర్సు లేచి చేతులు జోడించాడు.

"సారూ, గుండె గోలీలు మన దవాఖానల దొరికేటట్టు జెయ్యుండ్రి. కొనలేక సస్తున్నం."

"రాసుకోండయ్యా" అన్నాడు నాయకుడు పక్కవాళ్లతో. పోయినసారీ అదే మాట. ఎవరూ రాసుకోలేదు. పైగా పాత నేతగాడని వెంకటనర్సును వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి ఫొటో దిగారు. సన్మానం చేసినవాణ్ని మళ్లీ ఏమని అడుగుతాడు పాపం! సిగ్గుపడి దిగొచ్చేశాడు.

ఇంట్లో శాలువా అంచు నలిపి చూసి నవ్వాడు. "మిల్లుదే! నేసెటోనికి మిల్లు బట్ట."

"గోలీల ముచ్చట ఏమన్నడు?"

"రాసుకోమన్నడు" అని మళ్లీ గుంటలోకి దిగాడు.

శారదమ్మ చాయ పెడుతుండగా మగ్గం చప్పుడు ఆగింది. పోగు తెగితే అతుకుతున్నాడనుకుంది. గ్లాసుతో వచ్చేసరికి అతను పలక మీదికి ఒరిగి ఉన్నాడు. పిలిచింది, కుదిపింది.

"రేపటి గోలి ఇయ్యాల్నే ఏసుకుంటే ఏం పోయెనయ్యా!" అని నెత్తి కొట్టుకుంది.

ఇరుగుపొరుగు వచ్చి అతన్ని అరుగు మీద పడుకోబెట్టారు. కప్పడానికి కొత్త బట్ట కోసం ఇల్లంతా వెతికారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేసినవాడి ఇంట్లో ఒక్క కొత్త బట్ట లేదు. మగ్గం మీది చీర నూలిచ్చి నేయించుకునే షావుకారుది, కోయడానికి లేదు. చివరికి ఆ శాలువానే కప్పారు. దాని మూలన మిల్లు చీటీ ఇంకా అతుక్కునే ఉంది.