మళ్ళీ ఒకసారి

రెబ్వార్‌కి తెలుగులో వచ్చింది రెండే ముక్కలు: "మళ్ళీ ఒకసారి." వర్జీనియాలో మన ఫంక్షన్లకి వీడియోలు తీసి బతకడానికి అవి చాలు. తలంబ్రాలు పోసినా, కేకు కోసినా కెమెరా కోసం రెండోసారి చేయాల్సిందే కదా మనం! చూపుడువేలు గాల్లో గుండ్రంగా తిప్పి ఆ రెండు ముక్కలూ అంటే, పంతులుగారు సైతం హారతి మళ్ళీ వెలిగిస్తారు.

ఒకప్పుడు ఈ మనిషి ఎవరినీ రెండోసారి చేయమని అడిగి ఎరగడు. ఇరాన్‌లో కుర్దుల కొండ ఊళ్ళు తిరిగి, జరిగింది జరిగినట్టు సినిమాలు తీసేవాడు. మూడో సినిమాకి బయటి దేశంలో బహుమతీ, సొంత దేశంలో అరెస్టు వారెంటూ ఒకే వారంలో వచ్చాయి. పారిపోయి వచ్చి పదకొండేళ్ళయింది. ఆ సినిమా సంగతి ఇక్కడ ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. "డ్రోన్ ఉందా బ్రో?" అని మాత్రం అందరూ అడిగారు.

శనివారం పొద్దున షాంటిలీలో అనిక అనే అమ్మాయికి ఓణీల ఫంక్షన్. అదే సమయానికి, అక్కడ ఇరాన్‌లో సాయంత్రం, రెబ్వార్ తల్లిని పూడుస్తున్నారు. పోయిందన్న కబురు తెల్లవారుజామున వచ్చింది. ఏడుపొస్తుందేమోనని కారులో కాసేపు కూర్చున్నాడు. రాలేదు. ఇంకేం చేయాలో తోచక, లెన్సులు తుడుచుకుని హాలుకి వచ్చేశాడు.

ఇంట్లోవాళ్ళని ఒక్కటే కోరాడు. గోతిలోకి దించాక ముఖం మీద గుడ్డ ఓసారి తీస్తారు, అప్పుడు అమ్మని చూపించమన్నాడు. చిన్నాన్న కొడుకు హేమిన్ వీడియో కాల్‌లో చూపిస్తానన్నాడు. రెబ్వార్ తన ఫోన్‌ని కెమెరా పక్కనే తగిలించి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాడు.

అదేం ఖర్మో, రెండూ ఒక్కసారే వచ్చిపడ్డాయి.

"ఇప్పుడే, చూడు," అన్నాడు చెవిలో హేమిన్.

"బ్రో, మామయ్య మూమెంట్! డోంట్ మిస్ ఇట్!" అని కేకేశాడు అనిక తండ్రి తేజేశ్వర్.

అలవాటుకొద్దీ చేతులు కెమెరా మీదకే పోయాయి, వాటితోపాటు కళ్ళూ పోయాయి. లంగాఓణీ పెట్టిన వెండి పళ్ళెం మేనమామ చేతుల్లోంచి అనిక చేతుల్లోకి వెళ్ళింది. ఫోకస్ బాగా కుదిరింది.

ఫోన్ వైపు తిరిగేసరికి అక్కడ ముఖం లేదు. గుడ్డ కప్పేసి, పైన రాతి పలకలు పరుస్తున్నారు.

"మళ్ళీ ఒకసారి," అన్నాడు రెబ్వార్ కుర్దీలో. వేలు దానంతటదే గాల్లో గుండ్రంగా తిరిగింది.

ఇయర్‌ఫోన్‌లో పలకల మీద మట్టి పడుతున్న చప్పుడు వినిపించింది. తను అడిగిందేమిటో రెబ్వార్‌కి అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. ఏడుపు మాత్రం ఇంకా రాలేదు.

స్టేజీ మీద మేనమామ ఆ వేలు చూశాడు. మంచి మనిషి, విసుక్కోలేదు. అనిక చేతుల్లోంచి పళ్ళెం వెనక్కి తీసుకుని, "రెడీ బ్రో," అని నవ్వి, మొదటినుంచి మళ్ళీ ఇచ్చాడు.

రెబ్వార్ తీశాడు. ఈసారి ఇంకా బాగా వచ్చింది.