అక్క బడి మానిన రోజు

ఆసుపత్రులకూ ఆఫీసులకూ వెళ్లి, చూపు లేనివాళ్లు, చెవులు వినిపించనివాళ్లు అక్కడ ఎలా ఇబ్బంది పడుతున్నారో చూసి చెప్పడం రేవతి ఉద్యోగం. తిరుపతిలో ఒక చిన్న సంస్థ. ఎక్కడ మాట్లాడినా తన అక్క చౌడేశ్వరి కథతోనే మొదలుపెట్టేది. మూడో ఏట జ్వరంతో అక్కకు చెవులు పోయాయి. పదమూడో ఏట అయ్యవారు బడికి రావద్దన్నాడు. అప్పటినుంచి నగరిలో ఇంట్లోని మరమగ్గాల దగ్గరే ఉండిపోయింది. ఇది వింటే చాలామందికి కళ్లు చెమర్చేవి.

అందులో ఒక్క మాట అబద్ధం. అయ్యవారు అలా అనలేదు.

అప్పుడు రేవతికి పదకొండేళ్లు. అక్కాచెల్లెళ్లిద్దరూ ఆరో తరగతే. అయ్యవారు చెప్పిందల్లా రేవతే అక్క వైపు తిరిగి, పెదాలు కదిపి, చేతులు తిప్పి మళ్లీ చెప్పాలి. వెనక బెంచీ పిల్లలు ఆ చేతులను చూసి వెక్కిరించేవాళ్లు. ఆటల గంటలో కూడా అక్క రేవతి చెయ్యి వదిలేది కాదు. ఒక సాయంత్రం నాయన మునిరామయ్య మగ్గం ఆపి నీళ్లు తాగుతుంటే రేవతి దగ్గరికి వెళ్లింది.

"అక్కను ఇంగ పంపించొద్దన్నాడు నాయనా సారు. దానికి సదువు రాదంట."

నాయన చెంబు కింద పెట్టి మళ్లీ మగ్గం నడిపాడు. మర్నాటినుంచి చౌడేశ్వరి మగ్గాల పక్కన నూలు కండెలు చుట్టడానికి కూర్చుంది.

ఇది జరిగి ఇరవై రెండేళ్లు. పోయిన ఆషాఢంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు వచ్చి చూసి చెప్పమని సంస్థను పిలిచారు. వినిపించని మనిషే వచ్చి కూర్చుంటే లోటు తెలుస్తుందని రేవతి అక్కను రమ్మంది. పొద్దున్నే బస్సెక్కి వచ్చిన చౌడేశ్వరికి పదిహేడో నంబరు చీటీ ఇచ్చారు. సాయం చేయకూడదని ముందే అనుకున్నారు కాబట్టి రేవతి దూరంగా నిలబడింది.

నర్సు తలుపు సందులోంచి నంబర్లు పిలుస్తోంది. చౌడేశ్వరి ఎటు చూడాలో తెలియక అందరి ముఖాలూ చూస్తోంది. పదిహేడు అని రెండుసార్లు పిలిచి పద్దెనిమిదికి వెళ్లిపోయారు. పక్కావిడకు చీటీ చూపిస్తే ఆవిడ ఏదో అని తల తిప్పుకుంది. ఇరవై నాలుగు దాటినా అక్క అలాగే, వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుని ఉంది.

రేవతి వెళ్లి నర్సు రూపశ్రీని అడిగింది. ఆ అమ్మాయి నెమ్మదిగానే చెప్పింది. "ఇట్టాంటోళ్లకు తోడు ఎవురో ఒగరు వస్తారు గదక్కా."

రేవతి అక్క వైపు నడిచింది. ఆ తోడు బరువైపోయే కదా ఆ రోజు తను అంత పని చేసింది.

క్యాంటీనులో ఇడ్లీ ప్లేటు ముందు కూర్చోబెట్టి, అక్కకు అర్థమయ్యేలా మెల్లగా చెప్పింది. నిన్ను బడి మాన్పించింది సారు కాదు. నేనే. అదే రెండుసార్లు చెప్పింది.

చౌడేశ్వరి తన కంటిని చూపించి, తర్వాత చెల్లెలి పెదాలను చూపించింది. సంచిలోంచి పెన్ను తీసి, చీటీ వెనక రాసింది. "నువ్వు నాయనతో అంటా ఉంటే నీ పెదాలు చూసినాను. సారు అనలేదు, తెలుసు. ఆ రోజే నా లెక్కల నోటులో బాగుంది అని రాసినాడు."

మరి నాయనకు ఎందుకు చెప్పలేదని రేవతి అడిగింది. అక్క మళ్లీ రాసింది.

"నా మాట నాయనకు చెప్పేది నువ్వే. ఎవరితో చెప్పించాలి?"

రేవతి ఏడ్చింది. అక్క ఓదార్చలేదు, కోప్పడనూ లేదు. ఇడ్లీ తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, ఆసుపత్రిలో ఏమేం మార్చాలో వరసగా చూపించడం మొదలుపెట్టింది. నంబర్లు కనిపించే బోర్డు కావాలి, అది తలుపు పైన కాదు, కుర్చీలకు ఎదురుగా ఉండాలి. పిలిచే మనిషి బయటికి వచ్చి ముఖం చూపించాలి. నివేదికలో మొదటి పేరు చౌడేశ్వరిది పెట్టారు. రెండు నెలలకు బోర్డు వచ్చింది.

తర్వాత చంద్రగిరిలో జరిగిన శిక్షణలో రేవతి కథను జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎవరి కళ్లూ చెమర్చలేదు. టీ తాగేటప్పుడు ఎవరూ ఆమె దగ్గరికి రాలేదు.

చౌడేశ్వరి మాత్రం ఒకటి అడిగింది, చేతులతో మాట్లాడే భాష నేర్పే చోటు చూపించమని. ఇప్పుడు ప్రతి ఆదివారం తిరుపతికి వస్తోంది. రేవతి తరగతి బయట బల్ల మీద కూర్చుని కిటికీలోంచి చూస్తుంటుంది. లోపల అక్క చేతులు గబగబా కదులుతాయి, ఎదుటివాళ్లు నవ్వుతారు, అక్కా నవ్వుతుంది. అవి ఇంట్లో అక్కాచెల్లెళ్లు చేసుకునే సైగలు కావు. ఆ మాటలు రేవతికి ఒక్కటీ అర్థం కావు.