యజమాని పని చేస్తుండగా

"నువ్వు కాస్త పక్కకి తప్పుకో వల్లీ, ఫోటోలో పడిపోతున్నావ్," అన్నాడు చంద్రరావు, ఇస్త్రీ చొక్కా కాలరు సర్దుకుంటూ.

కనకవల్లి తప్పుకుంది. తప్పుకోవడం ఆమెకు బాగా వచ్చిన విద్య. పూతరేకుల పాకలో తడికకి వీపు ఆనించి నిలబడి, తన పీట మీద మొగుడు మఠం వేసుకుని కూర్చోవడం చూసింది. ఎదురుగా బోర్లించిన కుండ, దాని కింద భగభగ మండుతున్న కొబ్బరాకులు, పక్కన గిన్నెలో పల్చటి బియ్యప్పిండి, అందులో నానుతున్న గుడ్డముక్క. గాలి తగిలితే రేకు చిరిగిపోతుందని ఆ పాకలో ఫ్యాను పెట్టరు. పట్టుమని రెండు నిమిషాలు కాకుండానే చంద్రరావు తెల్లచొక్కా వీపుకి అతుక్కుపోయింది. గ్రామ సచివాలయం నుంచి నమోదు ఫోటో కోసం వచ్చిన డిజిటల్ అసిస్టెంట్ సారిక, ట్యాబ్ పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

రాజమండ్రి మిఠాయి దుకాణాలకి బరువు లెక్కన వెయ్యడం మానేసి, సొంతంగా డబ్బాలు కట్టి ఆన్‌లైన్లో అమ్ముకుంటే బాగుంటుందని మొదట అన్నది కనకవల్లే. డ్వాక్రా మీటింగులో విని వచ్చి, వారం రోజులు మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. దానికి ముందు చిన్న పరిశ్రమగా నమోదు చేయించుకోవాలి. ఆ కాగితం మీద ఎవరి పేరుంటే డబ్బా మీద ఆ పేరే పడుతుంది. కనకవల్లికి కావలసింది ఆ పేరే. పెళ్ళి శుభలేఖ తర్వాత తన పేరు అచ్చులో చూసుకున్నది లేదు. పది రోజుల కిందట సచివాలయంలో సారిక ఆధార్ అడిగినప్పుడు, పాలిథిన్ కవర్లోంచి తన కార్డు తీస్తూనే ఉంది. ఈలోగా చంద్రరావు తనది ముందుకి తోసేశాడు. "నాది కొట్టండమ్మా. ఆవిడకి ఈ ఓటీపీలూ గీటీపీలూ తలనొప్పండి." అది ప్రేమతోనే అన్నాడు. ఆమె కార్డు మళ్ళీ కవర్లోకి వెళ్ళిపోయింది.

మనిషి చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే పోట్లాడటం ఎంత తేలిక! ట్రక్కు ఆటో తోలుకుంటాడు, తాగడు, పండుముసలి తల్లికి గోళ్ళు కత్తిరిస్తాడు. ఏటా కొత్త కుండ తెచ్చేటప్పుడు బీటపడుతుందేమోనని వెనక పెట్టకుండా, చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని పదహారు కిలోమీటర్లు బండి తోలుకొస్తాడు. అలాంటి మనిషే, ఎవరైనా అడిగితే "మా ఆవిడ ఇంట్లోనే ఉంటుందండి, ఖాళీ" అని నవ్వుతూ చెప్తాడు. కాపురానికి వచ్చిన కొత్తల్లో అత్తగారు కూడా అలాగే అంది. "నాలుగు రేకులు తియ్యడం నేర్చుకోవే, ఊసుపోతది." ఊసుపోవడానికి మొదలుపెట్టిన పని పంతొమ్మిదేళ్ళుగా సాగుతోంది. పొద్దున్నే ఐదింటికి పిండి రుబ్బడం, వంట, క్యారేజీ, అత్తగారి స్నానం, ఆపైన మధ్యాహ్నం మూడింటిదాకా ఈ సెగ. రెండో కానుపు తర్వాత ఇరవయ్యో రోజున మళ్ళీ ఈ పీట మీదే కూర్చుంది. అప్పుడు కూడా ఇంట్లో అందరూ అనుకున్నది, వల్లికి ఊరికే కూర్చోవడం అలవాటు లేదని. తనకీ ఊరికే కూర్చోవాలని ఎన్నిసార్లు అనిపించిందో ఆమె ఎవరికీ చెప్పలేదు.

"ఊరికే కూర్చున్న ఫోటో పనికిరాదండి," అంది సారిక, ట్యాబ్‌లో వచ్చిన సూచన చదువుతూ. "యజమాని పని చేస్తుండగా అప్పటికప్పుడు తియ్యాలంటండి. మీరు ఒక్క రేకు తియ్యండి, క్లిక్ చేసేస్తాను."

"దానికేం, చిటికెలో పని," అన్నాడు చంద్రరావు. పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నాడాయె! గుడ్డని పిండిలో ముంచి, రెండు చేతులతో పరిచి, కుండ మీద లాగాడు. చెయ్యి అక్కడక్కడ ఆగింది. ఆగిన చోటల్లా పిండి ముద్ద కట్టింది. కంగారుపడి గోటితో లేవదీయబోయి నాలుగు వేళ్ళూ కుండకి ఆనించేశాడు.

"అమ్మా!"

కనకవల్లి ఒక్క అంగలో వచ్చి ఆ చెయ్యి పట్టుకుని నీళ్ళ తపేలాలో ముంచింది. ఎర్రగా కందిన ఆ వేళ్ళ మీద నీళ్ళు పోస్తూ, పిల్లాడికి ఊదినట్టు ఊదింది. నొప్పికి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమెకి జాలేసింది, కాస్త నవ్వూ వచ్చింది.

"నీకు రోజూ ఇలాగే కాలుతుందా?" అడిగాడు మెల్లగా.

"మొదటి ఏడాదంతా కాలుతూనే ఉండేదండి. తర్వాత వేళ్ళకి తెలియడం మానేసింది."

అతను ఆమె చెయ్యి తిప్పి వేళ్ళ కొసలు చూశాడు. మొద్దుబారి, నున్నగా మెరుస్తున్నాయి. చాలాసేపు వదల్లేదు. ఆ ప్రశ్న ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఈయన అడిగాడు. ఇంక ఏమీ అక్కర్లేదు, ఇది చాలు అనుకుంది కూడా. అంతలో అతనే, పాపం మంచిగానే, ఒక ఉపాయం చెప్పాడు.

"అయితే ఇలా చేద్దామమ్మా సారికా. రేకు ఆవిడ తీస్తుంది. ఆవిడ చేతుల వరకూ వచ్చేలాగా, మొహం నాది వచ్చేలాగా చూసి తీసెయ్. ఎవరికి తెలుస్తది?"

సారిక ట్యాబ్ కిందికి దించి కనకవల్లి వైపు చూసింది.

చెయ్యవచ్చు. ఒక్క నిమిషం పని. ఇన్నేళ్ళూ చేసింది అదే కదా, ఇప్పుడు కొత్తగా పోయేదేముంది? చేతులు తనవి, మొహం ఇంకొకరిది. రేపు డబ్బా తెరిచిన వాళ్ళు "ఎంత పల్చగా తీశారండీ" అంటే ఆ మాట ఈయనకి చేరుతుంది, ఈయన సాయంత్రం వచ్చి తనకి మురిపెంగా చెప్తాడు, తను సంతోషించాలి. సంతోషిస్తుంది కూడా! ఆ ఆలోచనకే ఆమెకి తన మీద తనకి చెప్పలేనంత కోపం వచ్చింది. కుండ కింద నుంచి మండుతున్న కొబ్బరాకులు బయటికి లాగి బూడిదలో ఆర్పేసింది. పొగ లేచింది.

"అదేంటి వల్లీ!"

"పొయ్యి మళ్ళీ వెలిగిస్తానండి, నా మొహం పడే ఫోటో అయితే," అంది. గొంతు పెంచలేదు. "సారికమ్మా, ఆ అప్లికేషన్ తీసేసి కొత్తది పెట్టమ్మా. నా కార్డు ఉంది, నా ఫోన్ ఉంది."

చంద్రరావు నీళ్ళలో ఉన్న తన వేళ్ళ వంక చూసుకున్నాడు. తర్వాత పీట మీద నుంచి లేచాడు. లేచి, పీటని కాలితో కాకుండా బాగున్న చేత్తో ఆమె వైపు జరిపాడు. తపేలా పట్టుకుని తడిక దగ్గర చతికిలబడ్డాడు.

సారిక గుమ్మంలోనే కూర్చుని కొత్త ఫారం తెరిచింది. ఓటీపీ కనకవల్లి ఫోన్‌కే వచ్చింది. ఆరంకెలూ తడబడకుండా చదివింది.

"యజమాని పేరండీ?"

"కనకవల్లి."

"అనుభవం?"

"పంతొమ్మిదేళ్ళు."

"పనివాళ్ళు ఎంతమందండీ?"

కనకవల్లి తడిక వైపు తిరిగి, నీళ్ళలో చెయ్యి పెట్టుకుని తననే చూస్తున్న మొగుణ్ణి తేరిపార చూసింది.

"ఒక్కరేనమ్మా, మగమనిషి," అంది. "ఇవాళే చేరారు. ఇంకా నేర్చుకుంటున్నారు."