ఖాళీ సీట్లు

పుత్తూరు నుంచి చిత్తూరు కోర్టుకు లాయరు రూపశ్రీ ఏళ్లుగా కారులో ఒక్కతే పోయి వచ్చేది. మొన్నటి ఎండాకాలం ఊరంతా పెనంలా కాలుతుంటే, రోజూ పెట్రోలు పోసి ఖాళీ సీట్లను మోస్తున్నానన్న ఆలోచన ఆమెను పట్టుకుంది. ఇక వదల్లేదు. తాళంచెవి భర్త జయరామ్ చేతికిచ్చి బస్సెక్కడం మొదలుపెట్టింది.

"నువ్వొక్కదానివి మానుకుంటే లోకం సల్లబడుతుందా?" అన్నాడు జయరామ్.

"సల్లబడదు. నా వంతన్నా నేను మండించకుండా ఉంటా."

ఒక శుక్రవారం ఆమె వాదించే మునిరామయ్య బెయిలు పిటిషను విచారణకు ఉంది. పొలంగట్టు తగాదాలో జైలుకు పోయిన పెద్దాయన. కార్వేటినగరం దాటినాక మామిడికాయల ట్రాక్టరొకటి రోడ్డుకడ్డంగా బోల్తాపడి బస్సు ఆగిపోయింది. కార్లు మాత్రం పక్కనున్న చేలదారిలో దూరి పోతున్నాయి. రూపశ్రీ దిగి, వచ్చిన ప్రతి కారుకూ చెయ్యెత్తింది. అద్దాలు బిగించుకుని లోపల ఒక్కొక్కరే. ఒక్కటీ ఆగలేదు. తానూ నిన్నమొన్నటిదాకా ఇట్లాగే పోయిందని ఆమెకు తోచింది.

కోర్టు చేరేసరికి కేసు పిలవడం, లాయరు రాలేదని సోమవారానికి వాయిదా వెయ్యడం అయిపోయినాయి. మునిరామయ్య భార్య సిద్ధమ్మ మెట్లమీద కూర్చోనుంది.

"నీ కారేమాయమ్మా?"

"బస్సులో వచ్చినాను. పెట్రోలు తగ్గించాలని..."

"మంచిదేలే. మాకెప్పుడూ బస్సే గదా," అంది సిద్ధమ్మ. "అయితే నువ్వు తగ్గించినదానికి ఆయప్ప ఇంకా లోపలే ఉండాల."

శని, ఆదివారాలు రూపశ్రీకి ఇంట్లో కాలు నిలవలేదు. కారు దగ్గరికి పోయేది, వెనక్కొచ్చేది. తీస్తే ఓడిపోయినట్టుంది. తియ్యకపోతే సిద్ధమ్మ ముఖం కళ్లముందు కదులుతోంది.

సోమవారం పొద్దున్నే కారు తీసింది. దారిలో సిద్ధమ్మ వాళ్ల ఊళ్లోకి పోయి ఆమెను ఎక్కించుకుంది. ఊరి స్టాపులో చిత్తూరు బస్సుకోసం నిలబడిన ఇద్దరు ఆడవాళ్లను కూడా రమ్మంది. ముగ్గురూ దారిపొడుగునా మాట్లాడుతూనే ఉన్నారు. మధ్యాహ్నానికల్లా మునిరామయ్యకు బెయిలొచ్చింది. సిద్ధమ్మ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

అయినా రూపశ్రీకి నెమ్మది లేదు. కోర్టు ఆవరణలో పుత్తూరు సీనియరు లాయరు పరంధామయ్య తన కారెక్కుతుంటే అడ్డం పోయింది.

"అన్నా, మనిద్దరిదీ ఒకే ఊరు, ఒకే దారి. వంతులేసుకుని ఒక కారులో వద్దాం."

"సూస్తాంలేమ్మా," అని నవ్వి, ఆయన ఒక్కడే వెళ్లిపోయినాడు.

మరుసటి పొద్దున రూపశ్రీ ఆయనకు ఫోన్ చేసింది. "బయల్దేరినావా అన్నా?"

"ఇంకా లేదు. ఏమ్మా?"

"నీ వాకిట్లోనే ఉండాను. రా, పోదాం."