వాసన రాని తాగుడు

వడ్రంగి మేస్త్రీ పొద్దున్నే తూలుతూ లేచేవాడు. మాట ముద్దగా వచ్చేది. దగ్గరికెళ్లి చూస్తే నోటి నుంచి వాసన మాత్రం వచ్చేది కాదు.

"వాసన రాకుండా తాగడం కూడా ఓ పనితనమేలే!" అని భార్య దెప్పేది.

"నేను తాగలేదే తల్లీ" అని అతను కూతురి వంక చూసేవాడు. కూతురు మొహం తిప్పుకునేది.

కడుపు కాలితే బుద్ధొస్తుందని ఒకరోజు కూతురే అన్నం గిన్నె దాచేసింది. మధ్యాహ్నానికి అతను చెక్కపొట్టులో పడి కొట్టుకుంటున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. "కడుపులో చిన్న గడ్డ ఉందమ్మా. అది ఇన్సులిన్ ఎక్కువగా వదిలి రక్తంలో చక్కెరను పడగొట్టేస్తోంది. తిండి లేకపోతే మరీను. మెదడు దెబ్బతింది."

"అయితే తాగుడు కాదా?" అంది భార్య.

"కాదు. వేళకింత తినుంటే ఇంతదాకా వచ్చేది కాదు."

భార్య భోరుమంది. కూతురికి ఏడుపు కూడా రాలేదు.

గడ్డ తీసేశారు. తూలడం పోయింది. కానీ కొత్త సంగతి ఏదీ అతని బుర్రలో నిలవడం లేదు. కూతురు కంచం పట్టుకుని వస్తే ఇప్పటికీ బెదురుగా చూస్తాడు.

"నేను తాగలేదే తల్లీ."

"నాకు తెలుసు నాన్నా. తిను."

అతని మొహం విప్పారుతుంది. ఆబగా తింటాడు. మళ్లీ పూటకి ఆ మాట మరిచిపోతాడు.